అంటు నుండి గాలికి: కృష్ణా డెల్టా ఆసుపత్రులలో శ్వాసకోశ వ్యాధుల నివారణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆసుపత్రిలో ఒకరి నుండి మరొకరికి శ్వాసకోశ వ్యాధులు సోకకుండా చూడడంలో వార్డులోని గాలి ప్రసరణది ప్రధాన పాత్ర. క్షయ శానిటోరియాల కాలంలో వైద్యులకు సుపరిచితమైన ఈ విషయం శానిటోరియాలతో పాటే మరుగునపడి, కోవిడ్ కాలంలో తిరిగి చర్చకు వచ్చింది. మంగళగిరి, విజయవాడల ఆధారంగా ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్వాసకోశ వైరస్‌లు, గాలి ప్రసరణ, శానిటోరియం, మంగళగిరి, విజయవాడ, కోవిడ్.

ప్రవేశిక

వ్యాధివ్యాప్తిని చెప్పడానికి తెలుగులో 'అంటు', 'సోకు' అనే రెండు క్రియలున్నాయి. మొదటిది స్పర్శను, అతుక్కోవడాన్ని సూచిస్తుంది. 'అంటువ్యాధి' దాని నుండి పుట్టిన మాటే. రెండవదానికీ తగలడం అనే అర్థం ఉన్నప్పటికీ, గాలి సోకడం, ఎండ సోకడం వంటి ప్రయోగాలలో అది చేయి తగలని స్పర్శ. 2020లో పత్రికలు 'కరోనా సోకింది' అనే రాశాయి. ఆచరణ మాత్రం 'అంటు' చుట్టూనే తిరిగింది. చేతులు కడుక్కోవడం, తలుపు గడియలు తుడవడం, వీధులలో హైపోక్లోరైట్ ద్రావణం చల్లడం ముందుకు వచ్చాయి. కిటికీ వెనక్కు పోయింది. 'సామాజిక దూరం' అనే అనువాదాన్ని 'భౌతిక దూరం'గా సవరించుకోవలసి రావడం కూడా ఇక్కడ గమనార్హం. అంటరానితనం చరిత్ర ఉన్న సమాజంలో దూరాన్ని గురించిన ఏ మాటా కేవలం వైద్యపరిభాషగా మిగలదు.

శానిటోరియం నేర్పిన పాఠం

వార్డు గాలి గురించిన ఆలోచన పాతదే. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ఆసుపత్రుల నిర్మాణంపై రాసినప్పుడే ఎత్తైన పైకప్పులు, ఎదురెదురు కిటికీలు, మంచాల మధ్య ఎడం కావాలని వాదించారు. అప్పటికి సూక్ష్మక్రిమి సిద్ధాంతం స్థిరపడలేదు. ఆమె నమ్మిన కారణం పొరపాటైనా సూచించిన నిర్మాణం సరైనదే కావడం వైద్యచరిత్రలోని వింతలలో ఒకటి.

తెలుగునేలపై ఈ నిర్మాణశైలి శానిటోరియాలలో స్పష్టంగా కనిపిస్తుంది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915 నుండి నడిచిన మిషనరీ శానిటోరియం వీటిలో ప్రసిద్ధం. డెల్టా ప్రజలకు దగ్గరలో ఉన్నది మంగళగిరి శానిటోరియం. స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రాకముందు క్షయకు ఆరుబయటి గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం ప్రధాన చికిత్స. విశాలమైన వరండాలు, విడివిడి వార్డులు రోగి కోలుకోవడానికని కట్టినవి. అవే ఇతరులకూ రక్షణ కల్పించాయి.

ఈ దశకు ముగింపు పలికినది మద్రాసులోని పరిశోధనే. 1956లో అక్కడ నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంటివద్ద మందులు వాడినవారు శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకుంటున్నారని 1959లో ప్రకటించింది; ఇంటివారికి అదనపు ముప్పు కనిపించలేదని కూడా తెలిపింది. పేదరోగికి ఇది గొప్ప మేలు. నెలల తరబడి కుటుంబానికి, కూలికి దూరమయ్యే బాధ తప్పింది. కాని శానిటోరియాల అవసరం తగ్గడంతో పాటు, గాలిని దృష్టిలో పెట్టుకొని వార్డు కట్టే విద్య కూడా కనుమరుగైంది. ఈ నష్టాన్ని అప్పట్లో ఎవరూ లెక్కించినట్లు లేదు. తరువాత మంగళగిరి శానిటోరియం స్థలంలోనే ఎయిమ్స్ వెలిసింది; 2015లో శంకుస్థాపన జరిగింది.

పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రులపై 2007లో వెలువడిన అధ్యయనం ఈ నష్టానికి కొలత ఇస్తుంది. అర్ధశతాబ్దికి పైబడిన, ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు గల గదులలో కిటికీలు తెరిచినప్పుడు గాలి గంటకు 40 సార్లు మారగా, ఆధునిక భవనాలలో 17 సార్లు మాత్రమే మారింది.

2009 నుండి 2021 వరకు

2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో నిర్ధారణ అయినప్పుడు, రోగిని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఉంచారు. కొత్త వైరస్‌కు క్షయ ఆసుపత్రే ఆశ్రయమైంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సహజ గాలి ప్రసరణపై మార్గదర్శకాలు వెలువరించి, సాధారణ వార్డులో ఒక్కొక్క రోగికి సెకనుకు 60 లీటర్లు, గాలి ద్వారా వ్యాపించే వ్యాధుల గదులలో 160 లీటర్ల గాలి అవసరమని సూచించింది. 2010లో భారత ప్రభుత్వమూ ఇటువంటి మార్గదర్శకాలను స్వీకరించింది. వాటి అమలుకు ముందు స్థితిని పరిశీలించడానికి ఎంచుకున్న మూడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే అవి క్షయ నియంత్రణ కార్యక్రమంలో భాగంగా వచ్చినవి. ఫ్లూను, ఇతర వైరస్‌లను చూసే విభాగాలకు అవి తమవిగా తోచలేదనుకోవాలి.

2020లో విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రులలో ఒకటైంది. ఆ ఏడాది మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. మూసిన గదులలో గాలి ద్వారా ఎక్కువ దూరానికీ సోకగలదని 2021 ఏప్రిల్ చివరలో గాని స్పష్టంగా అంగీకరించలేదు. ఈ పదమూడు నెలల వ్యవధి వార్డులలో పనిచేసినవారికి చిన్నది కాదు. తుంపరలు ఒకటి రెండు మీటర్లలో రాలిపోతాయన్న నమ్మకంపైనే ఎవరికి శస్త్రచికిత్స మాస్కు, ఎవరికి ఎన్‌95 అన్న విభజన సాగింది. రోగి వెంటిలేటర్ దగ్గర ఉండే వైద్యునికి రెండవది, వార్డు ఊడ్చే కార్మికురాలికి మొదటిది చాలన్నది దాని సారం. ఇద్దరూ పీల్చినది ఆ గాలినే.

డెల్టా ఆసుపత్రులలో మరొక ప్రత్యేకత రోగి వెంట ఉండే బంధువులు. అన్నం తినిపించడం, మరుగుదొడ్డికి నడిపించడం, రాత్రి మంచం పక్కన నేలమీద పడుకోవడం వారి వంతు. పాశ్చాత్య నియమావళి వీరిని 'సందర్శకులు'గా పరిగణిస్తుంది. వాస్తవానికి వీరు జీతంలేని సిబ్బంది. కోవిడ్ వార్డులలో వీరిని ఆపివేసినప్పుడు ఆ పనంతా నర్సులపై, ఎం.ఎన్.ఓ., ఎఫ్.ఎన్.ఓ.లపై పడింది. మామూలు రోజులలో ఫ్లూ ఒక వార్డు నుండి మరొక వార్డుకు చేరే దారులలో వీరి రాకపోకలూ ఉంటాయి. అయినా వీరికి మాస్కు ఇచ్చే బాధ్యత ఎవరిదో చాలాచోట్ల స్పష్టత లేదు.

ఇక భవనాల విషయం. పడకలు చాలక హోటళ్లను కోవిడ్ కేంద్రాలుగా మార్చారు. విజయవాడలో అటువంటి ఒక హోటల్‌లో 2020 ఆగస్టు 9న జరిగిన అగ్నిప్రమాదంలో పది మంది మరణించారు. ఆసుపత్రిగా కట్టని భవనం ఆసుపత్రి కావడంలోని ప్రమాదం వైరస్ ఒక్కటే కాదని అది చూపింది. గదులలో వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకోదు. ఉన్న గాలినే చల్లబరిచి తిరిగి వదులుతుంది. చల్లదనాన్ని శుభ్రతగా భావించడం రోగులలోనే కాదు, భవనాలు కట్టించేవారిలోనూ ఉంది.

అయితే కిటికీలు తెరవమనడం సులభం. కాలువలు, వరిచేలు చుట్టూ ఉన్న డెల్టాలో సాయంత్రమైతే దోమలు కమ్ముకుంటాయి. దోమతెర బిగిస్తే గాలి తగ్గుతుంది, తీసేస్తే మలేరియా, ఫైలేరియా భయం. మే నెల ఉక్కపోతలో ఆకైనా కదలని రాత్రులుంటాయి. అటువంటి వేళ కిటికీతో పాటు గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కావాలి. అవి కొన్నా, విద్యుత్ ఖర్చుకు వెరచి ఆపివేస్తే వార్డులో గాలి నిలిచిపోతుంది. అదే వార్డులో దగ్గుతున్న రోగి పక్క మంచంపై ఆపరేషన్ చేయించుకున్నవారు, వారి పక్కన నేలమీద వారి తల్లి ఆ రాత్రంతా గడుపుతారు.