నల్గొండ కుర్రాళ్ళ మోకాళ్ళు ఎందుకు ఒరిగిపోయాయి?

నరసన్నపేట నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. ఈరోజు కథ నల్గొండది. మనకి దూరమే గానీ, చివరికి మన చోడి అంబలి దగ్గరికే వస్తాం, ఉండండి.

ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి 1937లోనే బయటపడింది. అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలో, పొదిలి, దర్శి వైపు డాక్టర్లు చూసి రాశారు. ఏళ్ళ తరబడి ఆ బావినీళ్ళు తాగినవాళ్ళకి ఎముకలు చిక్కబడి, వెన్ను కర్రలా బిగుసుకుపోయేది.

1973లో మాత్రం సీన్ రివర్స్. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే ఇద్దరు లాన్సెట్ పత్రికలో రాశారు. నల్గొండలో కుర్రాళ్ళ మోకాళ్ళు లోపలికి ఒరిగి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎక్స్‌రే తీస్తే ఎముక గుల్లబారి ఉంది. ఫ్లోరైడ్ ఎముకని చిక్కబరచాలి కదా, మరి ఇదేంటి?

ఇక్కడే ఎముకని కరిగించే కణం వస్తుంది. పేరు ఆస్టియోక్లాస్ట్. మన కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది, కానీ శరీరం కాపలా కాసేది రక్తంలో ఉన్న ఆ కొంచాన్నే. అది తగ్గగానే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదుల్తాయి. నేను జాబ్‌లో రాసిన సర్వర్ అలర్ట్‌ల లాంటిదే అనుకోండి. ఎముక కట్టే కణాలు ఆ అలర్ట్ అందుకుని, కరిగించే కణాల్ని లేపుతాయి. గుండె ఆగకూడదు కాబట్టి ఎముక అప్పు ఇస్తుంది.

మరి ఈ కణానికి బ్రేక్ లేదా? ఉంది. 1989లో లండన్‌లోనూ ఇటలీలోనూ పరిశోధకులు గమనించారు: చుట్టూ కాల్షియం పెరిగితే ఈ కణం దాన్ని పసిగడుతుంది, ముడుచుకుని, కరిగించే పని తగ్గించేస్తుంది. తను తవ్విన గుంటలోంచి వచ్చే కాల్షియమే దానికి స్టాప్ సిగ్నల్ అన్నమాట. నాకు భలే నచ్చింది ఈ డిజైన్. కాకపోతే అది ఆ గుంట వరకే. పైనుంచి హార్మోన్ రోజూ యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఆ చిన్న బ్రేక్ ఎంతని ఆపుతుంది? నల్గొండ బాధితుల రక్తంలో తర్వాత ఆ హార్మోన్ ఎక్కువగానే కనిపించింది.

నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలం మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగిందేమోనని కూడా అనుమానించారు. అంటే కారణం ఒక్కటే కాదు. కానీ తిండి చూడండి. అప్పట్లో అక్కడ జొన్నే ప్రధానం, 100 గ్రాముల జొన్నల్లో కాల్షియం 30 మిల్లీగ్రాముల లోపే. మన చోడుల్లో, అదే రాగుల్లో, 300 పైనే! చిన్నప్పుడు అమ్మమ్మ అంబలి పోస్తే గోడ దూకి పారిపోయేవాణ్ణి.

1973లో పదిహేనేళ్ళున్న ఆ కుర్రాళ్ళకి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. నల్గొండ వైపు వాళ్ళెవరైనా చూస్తుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది కామెంట్లో రాయండి. ఉంటానండీ.