పద్దులు తెలిసిన మేయరు

తెలుగువాళ్ల ఇళ్లలో బీరువా అడుగున, పట్టుచీరల మడతల కింద, ఒక ఎల్‌ఐసీ బాండు ఉంటుంది. అదే ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడు ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంటాడు. ఈ రెండింటి పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ వెళ్తే, రెండు దారుల్లోనూ ఒకే మనిషి ఎదురవుతాడు. ఆయన పేరు నళినీ రంజన్ సర్కార్. బీమా వ్యాపారి. 1934-35లో కలకత్తా నగర మేయరు. మన వైపు ఆ పేరు ఎత్తేవాళ్లే లేరు. అది నాకు పెద్ద వెలితిగా తోస్తుంది.

ఆయన పుట్టింది 1882లో, అప్పటి మైమన్‌సింగ్ జిల్లాలోని ఒక పల్లెలో. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఢాకాలో చదివి, కలకత్తా సిటీ కాలేజీలో చేరారు. ఇంటి దగ్గర్నుంచి డబ్బు రాక చదువు మధ్యలోనే ఆగిపోయింది. డిగ్రీ చేతికి రాలేదు. అదే కాలంలో, 1905లో, వైస్రాయి కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. స్వదేశీ ఉద్యమం లేచింది. వీధి కూడళ్లలో మాంచెస్టరు బట్టలు తగలబెట్టిన సంగతి మనందరికీ తెలుసు. అయితే ఆ మంటల పక్కనే ఇంకో పని కూడా నడిచింది. దానికి చప్పుడు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. దేశం సొమ్ము దేశంలోనే ఉంచే కంపెనీలు పెట్టడమే ఆ పని.

రవీంద్రనాథ్ టాగూరు అన్నగారి కొడుకు సురేంద్రనాథ్ టాగూరు, మరికొందరు కలిసి 1907లో హిందుస్థాన్ కో-ఆపరేటివ్ ఇన్సూరెన్స్ సొసైటీ పెట్టారు. నళినీ రంజన్ 1911లో అందులో చిన్న ఉద్యోగంలో చేరారు. జనరల్ మేనేజరు దాకా ఎదిగారు, ఆ తర్వాత సంస్థకే అధ్యక్షుడయ్యారు.

జీవిత బీమా వింత వ్యాపారం. కొన్నవాడి చేతికి ఆ రోజు వచ్చేది ఒక కాగితం మాత్రమే. ఇరవై ఏళ్లు ప్రీమియం కట్టాలి. తను పోయిన తర్వాత పెళ్లాంబిడ్డలకు డబ్బు అందుతుందని నమ్మాలి. ఆ నమ్మకం తెల్లవాడి కంపెనీ మీద ఉన్నంతగా మనవాడి మీద ఉండేది కాదు. ఇక ఆ ఇరవై ఏళ్లూ పోగయ్యే సొమ్ము ఎక్కడుంటుంది? విదేశీ కంపెనీ అయితే లండన్‌కి చేరుతుంది. స్వదేశీ కంపెనీ అయితే ఇక్కడే అప్పుగా, ఇల్లుగా, స్థలంగా తిరుగుతుంది. నళినీ రంజన్ బతుకంతా ఈ రెండో లెక్క చుట్టూనే నడిచింది. దక్షిణ కలకత్తాలో హిందుస్థాన్ పార్క్ అనే పేట ఉంది. దానికా పేరు ఈ కంపెనీ నుంచే వచ్చింది. తర్వాత న్యూ ఆలీపూర్‌ను అక్షరాల వారీగా బ్లాకులుగా విడదీసి ప్లాట్లు వేసిందీ ఇదే. గుమాస్తాలు, మేష్టర్లు నెలనెలా కట్టిన రూపాయలే నగరంలో వీధులయ్యాయి.

సరిగ్గా ఈ ఆలోచనే మచిలీపట్నంలోనూ ఒకరికి వచ్చింది. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. ఒకాయన ఖద్దరు కట్టిన వైద్యుడు, మరొకాయన కాలేజీ వదిలేసిన గుమాస్తా. ఇద్దరూ పట్టుకున్నది మాత్రం ఒకటే సంగతి: రైతు దగ్గరా ఉద్యోగి దగ్గరా ఉన్న చిల్లర పోగుచేయలేనివాళ్లు స్వరాజ్యం వచ్చాక దాన్ని నిలబెట్టలేరు.

నళినీ రంజన్ తర్వాత ఎక్కిన మేయరు పీఠానికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. మద్రాసుకు 1688లో మొదటి మేయరైన నథానియేల్ హిగ్గిన్సన్ అమెరికాలోని కనెక్టికట్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరినవాడు. 1726 నాటి రాజపత్రంతో కలకత్తాకూ మేయర్ కోర్టు వచ్చింది. అదీ తెల్ల వర్తకులు కూర్చునే చోటే. ఊరివాళ్ల మాట చెల్లే కార్పొరేషన్ కోసం కలకత్తా చాలాకాలం పోరాడింది. ఎన్నికైన వాళ్ల అధికారాలు కోసేసినందుకు 1899లో సురేంద్రనాథ్ బెనర్జీతో కలిపి 28 మంది కమిషనర్లు రాజీనామా చేశారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ బెనర్జీయే మంత్రిగా 1923 మునిసిపల్ చట్టం తెచ్చారు. దాని ప్రకారం 1924లో దేశబంధు చిత్తరంజన్ దాస్ తొలి మేయరయ్యారు. ఇరవై ఏడేళ్ల సుభాష్ చంద్రబోస్ చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరయ్యారు.

నళినీ రంజన్ దాస్ శిష్యుడు. బెంగాల్ శాసనమండలిలో స్వరాజ్య పార్టీకి విప్‌గా పనిచేశారు. 1925 జూన్‌లో దేశబంధు కన్నుమూశాక బెంగాల్ కాంగ్రెస్‌ను వెనకనుండి నడిపిన ఐదుగురిని జనం ‘బిగ్ ఫైవ్’ అనేవారు. బిధాన్ చంద్ర రాయ్, శరత్ చంద్రబోస్, నిర్మల్ చంద్ర చుందర్, తులసీ చరణ్ గోస్వామి, ఐదోవారు ఈయన. 1933లో అఖిల భారత వాణిజ్య మండళ్ల సమాఖ్య ఫిక్కీకి అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాదే మేయరు.

అప్పట్లో మేయరు పదవి ఏడాదిపాటే. రోజువారీ పాలన ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు చూసుకునేవారు, మేయరు సభను నడిపేవారు. ముఠాలుగా చీలిన ఆ సభను నడపడం తేలికేం కాదు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది ఫజ్లుల్ హక్. 1937లో హక్ బెంగాల్ ప్రధాని అయినప్పుడు ఆర్థికశాఖను ఈ పాత మేయరు చేతికే ఇచ్చారు.

ఆ పదవి తీసుకోవడమే నళినీ రంజన్‌ను కాంగ్రెస్‌కు దూరం చేసింది. హక్ మంత్రివర్గాన్ని పడగొట్టి కాంగ్రెస్ భాగస్వామ్యంతో కొత్తది నిలబెట్టాలని సుభాష్ బోస్ పట్టుబట్టారు. 1938 డిసెంబరులో గాంధీజీ ఆజాద్‌తో, బిర్లాతో, నళినీ రంజన్‌తో మాట్లాడాక, ఆ ప్రయత్నం వద్దని సుభాష్‌కు ఉత్తరం రాశారు. బెంగాల్ కాంగ్రెస్‌ను నడిపే తమకన్నా ఆ ముగ్గురి మాటే ఎక్కువైందా అని సుభాష్ గాయపడి జవాబిచ్చారు. బెంగాల్ నళినీ రంజన్‌ను అనుమానంగా చూడడానికి ఇదొక కారణం. ఏడాది తిరిగేసరికి, రెండో ప్రపంచ యుద్ధం మీది తీర్మానం విషయంలో హక్‌తో పేచీ వచ్చి, 1939 డిసెంబరులో నళినీ రంజనే మంత్రి పదవి వదిలేశారు.

1941లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరడం నాకు మింగుడుపడని అధ్యాయం. 1942 ఆగస్టులో దేశమంతా నాయకులు జైలుకెళ్తుంటే ఆయన ఢిల్లీలో కుర్చీలోనే ఉన్నారు. గాంధీజీ ఆగాఖాన్ ప్యాలెస్‌లో 1943 ఫిబ్రవరి 10న 21 రోజుల నిరాహారదీక్ష మొదలుపెట్టినప్పుడు మాత్రం ఇక కూర్చోలేకపోయారు. మండలిలోని ఆణే, హోమీ మోదీ, ఈయన ముగ్గురూ కలిసి రాజీనామా ఇచ్చారు. ఆలస్యంగానైనా ఇచ్చారు. దాన్ని నేను తక్కువ చేయను.

ఇక ఐఐటీ. యుద్ధం ముగిశాక దేశానికి కావలసిన ఇంజనీర్లు ఎక్కడ తయారవ్వాలో తేల్చమని 22 మందితో ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు, డిగ్రీ పూర్తి చేయని ఈ నళినీ రంజన్. అమెరికాలోని మసాచుసెట్స్ విద్యాసంస్థ ఎంఐటీ తరహాలో దేశం నాలుగు దిక్కులా నాలుగు సాంకేతిక సంస్థలు ఉండాలని సర్కార్ కమిటీ చెప్పింది. తూర్పుది కలకత్తా దగ్గర ఉండాలంది. అది 1950లో కలకత్తాలోని ఎస్ప్లనేడ్ ఈస్ట్‌లో చిన్నగా మొదలై, ఆ ఏడాదే ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీకి మారింది. హిజ్లీ మామూలు చోటు కాదు. విప్లవకారుల్ని నిర్బంధించిన శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పుల్లో సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ల దేహాల కోసం సుభాషే వచ్చారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ కట్టడంలోనే పాఠాలు నడిచాయి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే పనికని తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అప్పటికే ఖరగ్‌పూర్‌లో స్థిరపడి ఉన్నాయి. వాళ్ల ఊళ్లోనే దేశపు తొలి ఐఐటీ వెలిసింది. తర్వాత బొంబాయి, మద్రాసు, కాన్పూరు వచ్చాయి. మన హైదరాబాదు 2008లో, తిరుపతి 2015లో ఆ వరసలో చేరాయి.

స్వాతంత్ర్యం వచ్చాక నళినీ రంజన్ పశ్చిమ బెంగాల్‌లో బిధాన్ రాయ్ మంత్రివర్గంలో ఆర్థికమంత్రిగా పనిచేశారు. 1949లో రాయ్ విదేశాలకు వెళ్లినప్పుడు కొన్నాళ్లు ముఖ్యమంత్రి బాధ్యతలూ చూశారు. 1953 జనవరి 25న కన్నుమూశారు.

హిందుస్థాన్ కో-ఆపరేటివ్ కట్టిన మేడలు ఈనాటికీ కోల్‌కతా నడిబొడ్డున ఉన్నాయి. ఎల్‌ఐసీ తూర్పు మండల కార్యాలయం వాటిలో ఒకదానిలోనే. అది ఉన్న రోడ్డు పేరు చిత్తరంజన్ అవెన్యూ, ఆయన గురువుగారి పేరు. 1956 సెప్టెంబరు 1న 245 బీమా సంస్థల్ని కలిపి ఎల్‌ఐసీ చేసినప్పుడు, ఆయన కంపెనీ రాసిన పాలసీలన్నీ అందులోకి వెళ్లాయి. మచిలీపట్నం ఆంధ్రా ఇన్సూరెన్స్ పాలసీలూ వెళ్లాయి. మైమన్‌సింగ్ మేష్టారి కాగితమూ, కృష్ణాజిల్లా రైతు కాగితమూ ఆ రోజు నుంచి ఒకే ఖాతాలో ఉన్నాయి.