జూదరి బుకాయింపు

ఋగ్వేదము పదవ మండలమునందలి 34వ సూక్తము ఒక జూదరి మొర. అతని పాచికలు తానికాయలు. ఆలు దూరమైనది, అత్త ద్వేషించుచున్నది, తలిదండ్రులును సోదరులును వీనిని మేమెరుగము, కట్టి కొనిపొండనుచున్నారు. ఇక నాడనని నిశ్చయించుకొనును గాని పాచికల చప్పుడు వినబడగానే అచటికే పోవును. ఈ ప్రాచీనుడు ఒక విషయమున మన యిండ్లలోని జూదరులకంటె మేలు. తన స్థితిని తానెరుగును. మనవారికి వ్యసనమే లేదు! పోయినది రాబట్టుకొని మానెదమందురు.

ఈ బుకాయింపు రోగి స్వభావమనియే వైద్యులు చిరకాలము తలచిరి. జూదరి లోలోపల ఓటమినే కోరునని 1957లో బెర్గ్లరను మనోవిశ్లేషకుడు వ్రాసెను. ఈ మాట మాకంతగా రుచింపదు. ఆ యేడే లాస్ ఏంజెలెసులో జూదరులు కొందరు తమలో తామే కూడి ‘గ్యాంబ్లర్స్ అనానిమస్’ అను సంఘమును స్థాపించుకొనిరి. అచట నిందించువాడు లేడు. ఒకడు తన కథ చెప్పును, వినువాడు అందు తన్ను కనుగొనును.

1983లో విలియం మిల్లరు, త్రాగుబోతుల చికిత్సను గూర్చి వ్రాయుచు, బుకాయింపు రోగి గుణము కాదు, వైద్యుని మాటతీరునుండి పుట్టునదనెను. నీవు వ్యసనపరుడవని మనము వాదించినకొలది అతడు కానని వాదించును. తన వాదమును తానే నమ్మును. కావున ఆటలో నీకు నచ్చినదేమి, దానివలన చెడినదేమి యని యడిగి, చెడిన సంగతి అతని నోటనే రానీయవలెను. ఈ పద్ధతి పిమ్మట జూదరులకును వర్తింపజేయబడినది.

లెక్క వ్రాయించుటయు నిందు మేలైన యుపాయము. జూదరి ఓటములను మరచునని మన మనుకొందుము. ఆ 1983లోనే గిలోవిచ్ చేసిన పరిశోధనలో తేలినది వేరు: పందెగాండ్రు ఓటములను గూర్చియే యెక్కువగా మాటాడిరి, కాని వానిని ‘వెండ్రుకవాసిలో తప్పిన గెలుపులు’గా మార్చుకొనిరి. కాగితముపై నట్టి గెలుపునకు చోటు లేదు. పెట్టిన రూపాయలు, వచ్చిన రూపాయలు, అంతియే.

2013లో అమెరికా మనోవైద్యసంఘము ఈ రోగమును మద్యాది వ్యసనముల సరసకు చేర్చి తొమ్మిది లక్షణములు చెప్పెను. బొంకుట యొకటి, చితికిపోయి ఇతరుల సొమ్ముపై నాధారపడుట వేరొకటి. ఈ రెండవది మన కుటుంబములలో పరువు పేర జరుగును. తండ్రి పొలమమ్మి, భార్య గాజులు కుదువబెట్టి, గుట్టుగా అప్పు తీర్తురు. ఆ సొమ్ము జూదరి లెక్కలో నెక్కడను పడదు.