డెస్క్‌టాప్ కంప్యూటర్: శబ్ద, హార్డ్‌వేర్ లోపాలు (కోనసీమ)

శబ్దం రాకపోవడం, తెర వెలగకపోవడం, ఉన్నట్టుండి ఆగిపోవడం డెస్క్‌టాప్‌లో తరచు కనిపించే లోపాలు. వశిష్ఠ గోదావరి పాయ ఒడ్డున, బంగాళాఖాతానికి చేరువలో ఉన్న కోనసీమలోని రాజోలు ప్రాంతంలో వీటికి వాతావరణమూ తోడవుతుంది. తేమ, ఉప్పుగాలి కలిసి లోహపు కాంటాక్టులకు చిలుము పట్టిస్తాయి.

శబ్దం వినిపించకపోతే ముందు స్పీకర్ల స్విచ్, ఆ తర్వాత పిన్ను చూడాలి. సాధారణంగా ఆకుపచ్చ రంధ్రం స్పీకర్లది, గులాబీది మైకుది, నీలం బయటి పరికరం నుంచి శబ్దం తీసుకునేది. అన్నీ సరిగ్గా ఉన్నా మౌనమే అయితే విండోస్‌లో అవుట్‌పుట్ పరికరంగా ఏది ఎంపికైందో చూడాలి. హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించగానే శబ్దం అటు మళ్లిపోతుంటుంది. డ్రైవర్ జోలికి వెళ్లడం ఆ తర్వాతే.

తెర నల్లగా ఉండి బీప్ శబ్దాలు వరుసగా వస్తే మొదటి అనుమానం ర్యామ్ మీదే. పవర్ తీగ పీకి, ర్యామ్ తీసి, దాని బంగారు పూత అంచును మెత్తటి రబ్బరుతో తుడిచి, తిరిగి పెట్టి, రెండు పక్కలా క్లిప్పులు పడేదాకా నొక్కాలి. చాలాసార్లు ఇదే చాలు, కొత్త ర్యామ్ కొనక్కర్లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీ మార్చాలి.

వరదనీరు తగిలిన యంత్రాన్ని పూర్తిగా ఆరకముందే ఆన్ చేయడం ప్రమాదకరం. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టెను ఇంట్లో ఎవరూ విప్పవద్దు. కరెంటు తీసేశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.