తుప్పు కింద దాగిన లెక్క: ఒక పాత జాగ్వార్ ధర ఎట్లా తేలుతుంది

పోస్టు కొంచెం పెద్దది. డ్యూటీ అయ్యాక, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

గల్ఫ్‌లో డెంటింగ్, పెయింటింగ్, మెకానిక్ పనుల్లో ఉన్న మాలాంటోళ్లని రూముల్లో అందరూ ఒకటే అడుగుతుంటారు. "అరవై ఏళ్ల డొక్కు కారుకి కొత్త ల్యాండ్ క్రూజర్ కన్నా ఎక్కువ పెడతారంట, నిజమేనా? ఆ ధర ఎవడు చెప్తాడు?" అని. నిజమే. పెడతారు. కానీ ధర చెప్పేది ఒక్కడు కాదు. కాలం చెప్తుంది, కాగితం చెప్తుంది, చివరికి ఇనుము చెప్తుంది. ఒక్క కారు చరిత్ర పట్టుకుని చూస్తే సంగతంతా అర్థమవుతుంది. ఆ కారు పేరు జాగ్వార్ ఈ-టైప్.

ముందు ఆ కంపెనీ పుట్టుక. 1922లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో విలియం లయన్స్, విలియం వామ్స్‌లీ అనే ఇద్దరు కలిసి మోటర్‌సైకిల్ పక్కన తగిలించే సైడ్‌కార్లు చేసే చిన్న షాపు పెట్టారు. తర్వాత వేరే కంపెనీల కార్లకు బాడీలు కట్టారు. 1928లో కావెంట్రీకి మారారు. అంటే జాగ్వార్ ఇంజన్‌తో మొదలైన కంపెనీ కాదు, మనలాగే రేకు పనితో మొదలైన కంపెనీ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఈ-టైప్‌ని లోకానికి చూపించారు. దాని ఆకారం గీసిన మాల్కం సేయర్ అంతకుముందు విమానాల కంపెనీలో పనిచేసిన మనిషి. 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. గంటకి సుమారు 240 కిలోమీటర్ల వేగం పోతుందని కంపెనీ చెప్పింది. ధర సుమారు 2,100 పౌండ్లు. అంత వేగం పోయే ఇటలీ కార్లు దానికన్నా ఎంతో ఎక్కువ ధర ఉన్న రోజులవి. జనం ఎగబడ్డారు. ఎక్కువ బండ్లు అమెరికాకి ఎక్కాయి.

అంత చవగ్గా ఎట్లా ఇచ్చారు? కట్టిన పద్ధతి వల్ల. కారు మధ్య భాగం పల్చటి ఉక్కు రేకుల్ని మడిచి, అతికి చేసిన పెట్టె. దాని ముందు గొట్టాలతో చేసిన ఫ్రేమ్‌ని బోల్టులతో బిగించారు. ఇంజన్, ముందు చక్రాలు ఆ ఫ్రేమ్ మీదే నిలబడతాయి. రేసు కార్ల నుంచి తెచ్చిన ఆలోచన. తేలిక, గట్టిది, చవక. కానీ ఆ పెట్టెల లోపల తుప్పు ఆపే ఏర్పాటు సరిగ్గా లేదు. ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు నీళ్లు సందుల్లో చేరి లోపల్నుంచి తినుకుంటూ వచ్చాయి. పైన మెరుపు మెరుపుగానే ఉంది.

పదేళ్లు తిరిగేసరికి ఈ-టైప్ మామూలు సెకండ్ హ్యాండ్ బండి అయిపోయింది. 1971లో పన్నెండు సిలిండర్ల ఇంజన్ పెట్టారు. అది పెట్రోల్ తాగుడే తాగుడు. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా బిగించాయి, లోకమంతా పెట్రోల్ ధర మండిపోయింది. మనకి ఈ గడ్డ మీద పనులు పుట్టించింది కూడా ఆ చమురు డబ్బే. అదే దెబ్బకి అక్కడ పెద్ద ఇంజన్ బండ్ల ధరలు పడిపోయాయి. 1974తో ఈ-టైప్ తయారీ ఆగింది. మొత్తం 72 వేలకి పైగా చేశారు. ఆ కాలంలో అరిగిపోయిన ఈ-టైప్ కొన్ని వందల పౌండ్లకే దొరికేది.

అప్పట్లో ధర కట్టే పద్ధతి కూడా మామూలుదే. ఏ సంవత్సరం, ఎన్ని మైళ్లు తిరిగింది, ఇంజన్ చప్పుడెలా ఉంది. బ్రిటన్‌లో 1933 నుంచి గ్లాసెస్ గైడ్ అనే ధరల పుస్తకం ఉంది. డీలర్ దాన్ని తిప్పి చూసి రేటు చెప్పేవాడు. ఆ లెక్కలో ఏడాది గడిస్తే ధర దిగాల్సిందే. ఓనర్లు కూడా అట్లాగే చూసుకున్నారు. తుప్పు పట్టిన చోట పైన ఇంకో రేకు ముక్క అతికి, పుట్టీ పెట్టి, రంగు కొట్టించి ఈ ఏడు గట్టెక్కితే చాలు అనుకున్నారు. ఆ అతుకులు ఇప్పటికీ మా చేతికి తగులుతుంటాయి.

1980ల్లో గాలి మారింది. 1961లో దుకాణం అద్దం ముందు నిలబడి ఈ కారుని చూసిన పిల్లలు ఇప్పుడు సంపాదనపరులు. అప్పుడు కొనలేనిది ఇప్పుడు కొనాలని ఆశ. అమెరికాలో కాలిఫోర్నియా, అరిజోనా లాంటి పొడి నేలల్లో తిరిగిన బండ్లకి తుప్పు తక్కువని వెతికి వెనక్కి తెచ్చారు. స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్చుకున్నారు. 1988 ఆగస్టులో ఫెరారీ స్థాపకుడు ఎంజో ఫెరారీ చనిపోయాడు. ఆ పేరున్న కార్ల ధరలు నిప్పు అంటుకున్నట్టు లేచాయి, వాటి వెంట ఈ-టైప్ లాంటివీ లేచాయి. అప్పులు చేసి మరీ కొన్నారు. నడపడానికి కాదు, ఆర్నెల్లు ఆగి అమ్మడానికి. 1990 తర్వాత ఆ బుడగ పగిలింది. ధరలు కూలాయి, చాలామంది మునిగారు. మన ఊళ్లలో హైవే పక్క ప్లాట్లు కొని ఇరుక్కున్నోళ్ల కథే.

ఆ రోజుల్లో తళతళకి డబ్బు. అద్దంలా మెరిసే రంగు ఉంటే చాలు, కింద ఏముందో అడిగినోడు తక్కువ. దెబ్బ తిన్నాక కొనేవాళ్లు కళ్లు తెరిచారు. అప్పట్నుంచి మూడు ప్రశ్నలు గట్టిపడ్డాయి.

మొదటి ప్రశ్న: ఇది ఆ కారేనా? ఈ-టైప్‌కి చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బాడీ నంబరు, గేర్‌బాక్స్ నంబరు అని నాలుగు ఉంటాయి. కంపెనీ పాత రిజిస్టర్లు చూసి జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ డీలర్‌కి పోయింది అన్నీ అందులో ఉంటాయి. నాలుగూ కలిస్తే ఒక ధర, కలవకపోతే ఇంకో ధర. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చాసిస్ నంబరు కొట్టేది ముందు ఫ్రేమ్ మీద. ఆ ఫ్రేమ్ బోల్టులు విప్పితే ఊడివచ్చేది. అంటే కారు గుర్తింపు మొత్తం విప్పి మార్చగలిగే ముక్క మీద ఉంది. అందుకే తెలిసినోడు నంబరుతో ఆగడు. ఆ అక్షరాల ఆకారం చూస్తాడు, చుట్టూ గ్రైండర్ గీతలున్నాయేమో చూస్తాడు, చుట్టుపక్కల ఇనుము వయసు కూడా అంతే ఉందా అని చూస్తాడు.

రెండో ప్రశ్న: ఏ కాలం బండి? మొదట వచ్చిన కొన్ని వందల బండ్లకి బానెట్ తాళాలు బయటికే ఉండేవి. 1962 మొదటి దాకా చేసినవాటికి నేల రేకు చదునుగా ఉండేది, పొడుగు మనుషులకి కాళ్లు పట్టక ఇబ్బంది. తర్వాత పాదాల దగ్గర గుంట చేసి ఆ ఇబ్బంది తీర్చారు. విచిత్రం చూడండి. అప్పట్లో కస్టమర్లు తిట్టుకున్న ఆ చదును నేల బండికే ఇప్పుడు ఎక్కువ ధర. తక్కువ చేశారు కాబట్టి, మొదటివి కాబట్టి. 1964లో 4.2 లీటర్ల ఇంజన్‌తో పాటు మంచి గేర్‌బాక్స్ వచ్చింది. నడపాలనుకునేవాడు దాన్ని కోరతాడు, దాచుకోవాలనుకునేవాడు మొదటిదాన్ని కోరతాడు.

మూడో ప్రశ్న: ఇనుము ఎట్లా ఉంది? ఇది మా ప్రశ్న. పేరున్న ధరల గైడ్లు ఇప్పుడు కండిషన్‌కి 1 నుంచి 4 దాకా మార్కులు వేసి ఒక్కోదానికి ఒక్కో రేటు చూపిస్తాయి. హ్యాగర్టీ వాళ్లది అట్లాంటిదే. 1 అంటే పోటీకి పెట్టే బండి, 4 అంటే నడుస్తుంది కానీ లోపాలు బయటికే కనిపిస్తాయి. కానీ ఆ మార్కు వేయడానికి కారు కిందకి దూరాల్సిందే.

మేం చూసే వరస ఇది. ముందు దూరంగా నిలబడి బానెట్ సందులు చూస్తాం. ఈ కారు ముందు భాగమంతా ఒకటే మూతలా లేస్తుంది. చాలా ముక్కలు కలిపి చేసిన మూత అది. సందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే ఎప్పుడో గుద్దుకుందని అనుమానం. తర్వాత తలుపు కింద పొడుగ్గా ఉండే పెట్టె, సిల్ అంటాం. కారు బలం సగం అక్కడే. తర్వాత సీటు వెనకాల నేల అడుగు. వెనక చక్రాలని పట్టి ఉంచే చేతులు అక్కడే బిగుస్తాయి. ఆ చోట తుప్పుంటే అది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. ముందు గొట్టాల ఫ్రేమ్ లోపల్నుంచి తుప్పు పడుతుంది. పైకి రంగు బాగుంటుంది, సుత్తితో మెల్లగా కొడితే చప్పుడు తేడా చెప్తుంది. వెనక బ్రేకులు చక్రాల దగ్గర కాదు, లోపల గేర్ల డబ్బా పక్కన ఉంటాయి. వాటిని సరిగ్గా బాగుచేయాలంటే వెనక అమరికంతా దించాలి. అందుకే "బ్రేకులదేముంది, చిన్న పని" అని అమ్మేవాడంటే నవ్వొస్తుంది. ఆ చిన్న పనికి రోజులు పడతాయి.

అయస్కాంతం సంగతి కూడా చెప్పాలి. పుట్టీ మీద అయస్కాంతం అంటదని అందరికీ తెలుసు. కానీ ఈ కారుకి ఫ్యాక్టరీలోనే రేకుల అతుకుల మీద సీసం పోసి నున్నగా చేశారు. సీసం మీద కూడా అయస్కాంతం అంటదు. కొత్తగా నేర్చినోడు అక్కడ పెట్టి చూసి "మొత్తం పుట్టీ" అంటాడు. సీసం ఎక్కడ పోశారో తెలిసినోడు మాత్రం "ఇది ఫ్యాక్టరీ చేతిపని, ముట్టకు" అంటాడు. ఆ ఒక్క తేడా మీద వేల పౌండ్లు అటూ ఇటూ అవుతాయి.

ధర ఇనుము వయసుని బట్టి ఎంత మారుతుందో ఒక ఉదాహరణ. రేసుల కోసం జాగ్వార్ అల్యూమినియం బాడీతో తేలిక ఈ-టైప్‌లు 18 చేద్దామనుకుని 12 మాత్రమే చేసింది. మిగిలిన 6 నంబర్లు ఖాళీగా ఉండిపోయాయి. 2008లో టాటా వాళ్లు జాగ్వార్‌ని ఫోర్డ్ దగ్గర కొన్నారు. వాళ్ల హయాంలోనే, 2014లో, ఆ 6 నంబర్లతో పాత పద్ధతిలోనే 6 కార్లు కట్టారు. ఒక్కోటి సుమారు 10 లక్షల పౌండ్లు. అదే 12 పాతవాటిలో ఒకటి, ఆస్ట్రేలియాలో రేసులు నడిచినది, 2017 జనవరిలో అమెరికా వేలంలో 73 లక్షల డాలర్లకి పైగా పలికింది. కంపెనీ అదే, ఆకారం అదే, నంబర్ల వరస అదే. ఇన్ని రెట్ల తేడా దేనికి? ఆ ఇనుము అప్పుడు అక్కడ ఉంది కాబట్టి. దాన్ని ఎవరూ మళ్లీ తయారు చేయలేరు.

అందుకే ఈమధ్య అసలు రంగు పగుళ్లతో, మాసిన తోలు సీట్లతో ఉన్న ముట్టని బండికి, కొత్తగా మెరిపించిన బండి కన్నా ఎక్కువ పెట్టేవాళ్లు పెరిగారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా తెచ్చిన ట్యూరిన్ చార్టర్ కూడా ఇదే అంటుంది: వీలైనంత కాపాడు, అవసరమైనంతే మార్చు, మార్చింది రాసిపెట్టు.

ఇక మన సంగతికొద్దాం. ఈ చరిత్రలో ఆఖరి చెయ్యి మనదే. అర్బాబ్ "కొత్తదిలా చెయ్" అంటాడు. సాండింగ్ మెషిన్ మన చేతిలో ఉంటుంది. అరవై ఏళ్లు నిలిచిన రంగు పది నిమిషాల్లో పొడైపోతుంది. అది తిరిగి రాదు. మా షెడ్డుకి ఒకసారి ఒక బ్రోకర్ పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. అడుగు రేకు వేలు పెడితే దిగుతుంది. "పుట్టీ నింపి నల్ల రంగు కొట్టండి, ఫోటోలో కనిపించకపోతే చాలు" అన్నాడు. మా ఉస్తాద్ చెయ్యి తుడుచుకుంటూ "రేకు వేస్తా, పుట్టీ మాత్రం పెట్టను. దీంట్లో రేపు ఎవడో ఒకడు పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాడు" అన్నాడు. బండి వేరే షెడ్డుకి పోయింది. ఆ వారం మా ఓవర్‌టైం కూడా పోయింది. అయినా ఆయన్ని తప్పుపట్టిన మనిషి మాలో లేడు.

ఆ హెరిటేజ్ సర్టిఫికెట్‌లో రంగు ఉంటుంది, తేదీ ఉంటుంది, డీలర్ పేరు ఉంటుంది. కావెంట్రీలో ఆ రేకు వంచినోడి పేరు ఉండదు, సీసం పోసినోడి పేరు ఉండదు. మన పేరు కూడా ఎక్కడా ఉండదు. కాబట్టి మన సర్టిఫికెట్ మనమే తయారు చేసుకోవాలి. మేం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. బండి ఓనర్ ఒప్పుకుంటే, విప్పకముందు, విప్పాక, రేకు వేశాక, రంగుకి ముందు తేదీతో ఫోటోలు తీస్తాం. తీసిన పాత ముక్కని స్క్రాప్‌లో పారేయం, సంచిలో వేసి చీటీ కట్టి ఓనర్‌కే ఇస్తాం. అసలు రంగు మిగిలి ఉంటే గీకే ముందు "దీని ధర ఈ రంగులోనే ఉండొచ్చు, అడిగి చెప్పండి" అని మెసేజ్ పెడతాం, నోటిమాటతో వదిలేయం. రేపు గొడవొస్తే అదే మనకి సాక్ష్యం. రేపు వేరే షెడ్డులో పనికి పోతే అదే మన పనితనానికి రుజువు.

ఫలానా సంవత్సరం, ఫలానా మోడల్ అని రేటు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫోన్‌లో కూడా దొరుకుతుంది. ఏది ఫ్యాక్టరీ సీసం, ఏది నిన్నటి పుట్టీ అని చెయ్యి పెట్టి చెప్పేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మనోళ్లు ఉన్నారు. అడిగినప్పుడు నోరు మూసుకోకుండా చెప్పండి, చెప్పినదానికి విలువ కట్టమని అడగండి.

డెంటింగ్, పెయింటింగ్‌లో ఉన్న అన్నలు పుట్టీకి, సీసానికి తేడా మీరెట్లా పడతారో కింద రాయండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి పనికొస్తుంది.