కబాడ్‌లో పుట్టిన అంగీఠీ

బక్రీద్ దగ్గర పడుతుంటే మన ఇళ్లలో అటక మీది అంగీఠీ కిందికి దిగుతుంది. ఏడాదిపాటు మూలన పడి ఉంటుంది కదా, జంగ్ పట్టి, జాలీ వంగి, ఒక కాలు ఊడి కనిపిస్తుంది. (ఉర్దూలో యుద్ధాన్ని జీమ్‌తో, తుప్పును జే అక్షరంతో రాస్తాం. తెలుగులోకి వచ్చేసరికి రెండూ జంగే. ఇనుము విషయంలో రెండింటికీ పెద్ద ఫరక్ లేదు లెండి.) "దీన్ని కబాడీకి వేసేద్దాం, ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పిద్దాం" అంటారు పిల్లలు. సరే అనే ముందు అంగీఠీ తారీఖ్ కొంచెం వినండి. ఇవాళ దునియా అంతా వాడుతున్న బొగ్గుల గ్రిల్ పుట్టిందే కబాడ్‌లోంచి. అందులో వేసే బొగ్గు బిళ్ల కూడా అక్కణ్నుంచే వచ్చింది.

ముందు బొగ్గు సంగతి. బొగ్గు బిళ్లలకు అమెరికాలో 1897లోనే ఎల్స్‌వర్త్ జ్వోయర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కానీ వాటిని ఇంటింటికీ చేర్చింది మోటారు కార్ల హెన్రీ ఫోర్డ్. ఆ రోజుల్లో కార్ల తయారీకి కలప బాగా పట్టేది. మిషిగన్ రాష్ట్రంలో ఐరన్ మౌంటెన్ దగ్గర ఫోర్డ్ మిల్లులో చెక్కముక్కలు, రంపపు పొట్టు గుట్టలుగా పోగయ్యేవి. ఆ కచరాను పారేయడం ఆయనకు ఇష్టం లేదు. 1920లలో దాన్ని కాల్చి, పొడి చేసి, గంజితో కలిపి బిళ్లలుగా అచ్చు వేసే కార్ఖానా పెట్టించాడు. ఫోర్డ్ కార్లు అమ్మే దుకాణాల్లోనే ఈ బొగ్గు సంచులూ అమ్మారు. అక్కడ అడవి భూములు చూసిపెట్టిన బంధువు ఎడ్వర్డ్ కింగ్స్‌ఫోర్డ్. 1951లో కార్ఖానా చేతులు మారాక ఆ బొగ్గు కింగ్స్‌ఫోర్డ్ పేరుతోనే మశ్‌హూర్ అయింది.

ఇక అంగీఠీ. 1952లో చికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అనే రేకుల కార్ఖానా ఉండేది. పడవలకు దారి చూపించడానికి నీళ్ల మీద తేలే ఇనుప గుండ్లు, అంటే బోయాలు, అక్కడ తయారయ్యేవి. రెండు అర్ధగోళాలను అతికిస్తే ఒక బోయా. అక్కడ పనిచేసే జార్జ్ స్టీఫెన్‌కు పెరట్లో మాంసం కాల్చడమంటే షౌక్. ఇంట్లో పన్నెండుమంది పిల్లలు. ఆ కాలపు గ్రిల్‌కు మూత లేదు. గాలి వస్తే బూడిద మాంసం మీద, వాన వస్తే దావత్ ఖతం. ఒకరోజు అతని కన్ను బోయా మీద పడింది. కింది సగానికి కాళ్లు అతికించాడు, పై సగానికి పిడి పెట్టి మూత చేశాడు.

మూత వేయగానే నిప్పు ఆరిపోసాగింది. పొరుగాయన చూసి, గాలి పోవడానికి చిల్లులు పెట్టమన్నాడట. అంతే, పని కుదిరింది. మన బావర్చీలకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. దమ్ బిర్యానీలో అంచుకు పిండి పెట్టి ఆవిరిని బంధిస్తాం, ఎందుకంటే నిప్పు డేగిషా బయట ఉంటుంది. ఇక్కడ నిప్పు లోపలే ఉంది, దానికీ ఊపిరి కావాలి. అందుకే కింద ఒక దారి, పైన ఒక దారి.

నూనె డ్రమ్ముదీ ఇదే కథ. ఇనుప డ్రమ్ముకు 1905లో అమెరికాలో పేటెంట్లు వచ్చాయి. ఆ తర్వాత అది దునియా అంతా తిరిగింది. ట్రినిడాడ్‌లో దాన్ని సుత్తితో మలిచి వాద్యం చేసుకున్నారు. జమైకాలో నిలువునా కోసి, బందులు బిగించి, రోడ్డు పక్క కోడి కాల్చే గ్రిల్ చేసుకున్నారు. మన హైవే ధాబాల్లో అదే డ్రమ్ములో మట్టి తందూర్ కూర్చుంటుంది.

కాబట్టి పాత అంగీఠీకి మరమ్మత్ చేయడమంటే దాని ఖాన్‌దాన్ రివాజ్‌ను కొనసాగించడమే. అయితే ఈ పనికి హునర్‌తో పాటు హుషారీ కూడా కావాలి. ముందు బూడిద పూర్తిగా తీసేయండి. బూడిద తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. పాత గ్రిల్ మూత లోపల పొరలుగా రాలేదాన్ని చూసి పెయింట్ పోయిందనుకుంటారు. చాలాసార్లు అది పొగా, కొవ్వూ కలిసి గట్టిపడిన మసి మాత్రమే, గీకితే పోతుంది. జంగ్ పట్టిన ఇనుప జాలీని రాత్రంతా సిర్కాలో నానబెట్టండి. పొద్దున తోమి కడిగి, వెంటనే ఆరబెట్టి, పలచగా నూనె రాసి నిప్పు మీద కాల్చండి. విరిగిన పిడికి పాత కుర్చీ కర్ర సరిపోతుంది. చెడిపోయిన వాషింగ్ మెషీన్‌లోని స్టీలు డ్రమ్ము కూడా మంచి అంగీఠీ అవుతుంది. చిల్లులు ముందే ఉంటాయి. ప్లాస్టిక్, రబ్బరు ముక్కలు మాత్రం ఒక్కటీ మిగలకుండా విప్పేయాలి.

ఇప్పుడు ఖత్రా సంగతి. కబాడ్‌లో దొరికే ప్రతి ఇనుమూ నిప్పుకు పనికిరాదు. జీఐ రేకు మీద ఉండేది జస్తా, అంటే జింకు పూత. అది 419 డిగ్రీలకే కరుగుతుంది. ఎర్రగా రాజుకున్న బొగ్గు వేడి అంతకంటే చాలా ఎక్కువ. బాగా కాలిన జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. మన పెద్దవాళ్లు పాత బకెట్‌తో అంగీఠీ చేసేటప్పుడు లోపల మందంగా మట్టి మెత్తేవాళ్లు. ఆ మట్టి వేడిని నిలిపేది, రేకును నిప్పు నుంచి దూరంగానూ ఉంచేది. ఇవాళ బకెట్ కోస్తున్నారు గానీ మట్టి మెత్తడం మరిచిపోతున్నారు. పాత ఫ్రిజ్ అరలను జాలీగా వాడటం ఇంకా ప్రమాదం. కొన్నిటి మీద కాడ్మియం పూత ఉంటుంది, అది విషం. సైకిల్ పుల్లలను సీఖ్‌లుగా వాడేవాళ్లు చైనాలోనూ ఉన్నారు. స్టీలువైతే ఫర్వాలేదు, పూత ఉన్నవైతే వద్దు. పురుగుమందులు, కెమికల్స్ మోసిన డ్రమ్ముల జోలికి అసలే పోవద్దు. కొత్తదైనా పాతదైనా, బొగ్గుల అంగీఠీని తలుపులు మూసిన గదిలోకి తేవద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే జాన్ తీస్తుంది.

మందు మట్టి ఎంత మందంగా మెత్తాలి, ఏ రేకును పక్కన పెట్టాలి అన్న ఇల్మ్ ఏ స్కూల్లోనూ చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఈసారి అంగీఠీ దించినప్పుడు పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. తిరగేసి అడుగు తట్టి చూడండి. అడుగు గట్టిగా ఉంటే మిగతావన్నీ అమర్చుకోవచ్చు. అడుగే పోయి ఉంటే కబాడీకి వేయండి, కాళ్లూ జాలీ మాత్రం విప్పి దాచండి. ఇంకో అంగీఠీకి పనికొస్తాయి.