బొట్టుపెట్టె నుంచి మేకప్ కిట్ దాకా: పారేయడానికి చేతులెందుకు రావు?

ఎప్పటిలాగే పోస్టు కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

భోగి దగ్గర పడుతోంది. మన సంఘం గ్రూపులో ఇల్లు సర్దుడు కబుర్లు మొదలయ్యాయి. పాత చీరలు, పుస్తకాలు, పిల్లల బొమ్మలు ఎవరికివ్వాలో తేలిగ్గానే తేలిపోయింది. చర్చ ఆగిపోయింది మాత్రం మేకప్ సామాను దగ్గర. ఎండిపోయిన మస్కారా, రిసెప్షన్ కోసం కొని రెండుసార్లు వాడిన ఫౌండేషన్, ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిన లిప్‌స్టిక్, రంగు నప్పదని తెలిసీ దాచుకున్న ఐషాడో ప్యాలెట్. "పారేద్దామని తీశాను, మళ్ళీ లోపలే పెట్టేశాను" అని చాలామంది రాశారు. కింద మగవాళ్ళ జోకులు సరేసరి.

జోకులు పక్కన పెడితే, ఈ చేతులు రాకపోవడానికి పెద్ద చరిత్రే ఉంది. నా మాట ముందే చెప్పేస్తాను. వస్తువును విడిచిపెట్టడం మనవాళ్ళకు చేతకాక కాదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి అలంకరణ వస్తువుకూ బయటికి వెళ్ళే దారి కూడా ఒకటి ఉండేది. ఈ ట్యూబులకూ ప్యాలెట్లకూ మాత్రం ఆ రెండో దారి ఇంకా పడలేదు.

బరిణె నిలిచేది, లోపలిది వెళ్ళేది

అమ్మమ్మల కాలం నాటి బొట్టుపెట్టెను గుర్తు చేసుకోండి. మూతకు అద్దం, లోపల దువ్వెన, ఈర్బాన, కుంకుమ బరిణె, కాటుక కాయ. కాటుక ఇంట్లోనే పట్టేవారు. ఆముదం దీపం మీద రాగి పళ్ళేన్నో ఇత్తడి పళ్ళేన్నో బోర్లించి, పట్టిన మసిని నేతితోనో ఆముదంతోనో కలిపేవారు. అది అయిపోతే మళ్ళీ పట్టేవారు. సున్నిపిండి పెసలో శనగలో పసుపుతో కలిపి ఆడించినది, ఒంటికి రాస్తే నీళ్ళతో పోయేది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు గోళ్ళు పెరిగే కొద్దీ తనే వెళ్ళిపోయేది. పారాణి అంటే పసుపూ సున్నమే. పెళ్ళి హడావుడి తీరేసరికి పాదాల మీద అదీ ఉండదు. కొంచెం ఎక్కువ కాలం ఉండేది సగ్గుబియ్యం మాడ్చి కొబ్బరిచిప్పలో ఆరబెట్టిన చాదు. దాన్నీ నీటి చుక్కతో అరగదీసి దిద్దుకుంటూ పోతే చివరికి చిప్ప మిగిలేది.

అంటే నిలిచేది బరిణె, వెళ్ళేది లోపలి సరుకు. మన ఏటికొప్పాక లక్క పనివాళ్ళు చేసే కుంకుమ భరిణెలు ఇప్పటికీ దొరుకుతాయి. బెంగళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో చెన్నపట్నలోనూ అదే లక్క పని చూస్తాం. ఆ బరిణె తల్లి నుంచి కూతురికి వచ్చేది. దానిలోని కుంకుమ ఏ నెలకా నెల కొత్తది. ఇప్పటి కాంపాక్టులో డబ్బానూ సరుకునూ విడదీయలేం. సరుకు పాడైతే డబ్బా కూడా పోవాలి. దాచుకోవడానికి ఏమీ మిగలదు. చెయ్యి ఆగే మొదటి చోటు ఇదే.

ఓడల్లో వచ్చి ఒక్క రోజులో పోయినవి

మరి ఖరీదైనవి అప్పట్లో లేవా అంటే, ఉన్నాయి. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అప్పట్లో పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, నేను లాక్కోను, సుంకం మాత్రమే తీసుకుంటాను అని వర్తకులకు ఇచ్చిన హామీ అది. ఆ సుంకాల పట్టీలో గంధం ఉంది, కర్పూరం ఉంది, చీనా కర్పూరం ఉంది, పన్నీరు, జవ్వాజి ఉన్నాయి. ఏనుగు దంతాలు, ముత్యాలు, రాగి, సీసం, మిరియాలతో పాటు పరిమళ ద్రవ్యాలనూ లెక్కకట్టి సుంకం వేశారంటే వాటి వ్యాపారం చిన్నది కాదు.

14వ శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలు అని బిరుదు. వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సముద్రాలు దాటి వచ్చిన అంత ఖరీదైన సరుకు ఏమైంది? పండుగలో నలుగురి మీదా చల్లుకుని ఖర్చు చేశారు. ఖరీదైనది కాబట్టి దాచాలి అనే ఆలోచన కంటే, ఖరీదైనది కాబట్టి పండుగనాడు పంచుకోవాలి అనే ఆలోచన అక్కడ కనిపిస్తుంది. రాజుల దర్పమే కావచ్చు, కానీ సరుకుకు ఒక దారి దొరికింది.

సబ్బు, స్నో, పౌడరు డబ్బా

ఫ్యాక్టరీ సరుకు వచ్చాక కూడా చాలాకాలం ఈ పద్ధతే నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధంతో గంధపు చెక్క ఎగుమతి దెబ్బతిన్నప్పుడు మైసూరు సంస్థానం 1916లో గంధపు నూనె పరిశ్రమ పెట్టింది. మనందరికీ తెలిసిన మైసూర్ శాండల్ సబ్బు ఆ నూనెలోంచి వచ్చిందే. సబ్బు అరిగిపోతుంది. చివరి ముక్కను కొత్త సబ్బుకు అతికించడం మన ఇళ్ళల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. 1919లో బొంబాయిలో పుట్టిన అఫ్గాన్ స్నో దేశమంతా పాకింది. స్నో అయిపోతే సీసాలో పిన్నీసులో వక్కపొడో చేరేవి. పౌడరు డబ్బాకు చీలిక పెడితే పిల్లల హుండీ. ఖాళీ డబ్బా ఇంట్లోనే ఉద్యోగం మారేది.

లక్ష్మి పేరు పెట్టుకున్న లిప్‌స్టిక్

స్వాతంత్ర్యం వచ్చాక కథ మారింది. విదేశీ మారకం కరువు. దిగుమతి సౌందర్య సాధనాల మీద డాలర్లు ఖర్చవుతున్నాయని నెహ్రూ కోరితే, జేఆర్‌డీ టాటా 1952లో లాక్మేను మొదలుపెట్టించారు. డెలీబ్ రాసిన ఫ్రెంచి ఆపెరా ఒకటుంది, 1883 నాటిది. అందులో కథానాయిక పేరు లాక్మే, అంటే మన లక్ష్మి. అలా లక్ష్మి పేరు లిప్‌స్టిక్ మీదికెక్కింది. అయినా అది అందరికీ అందే వస్తువు కాలేదు. ప్రభుత్వం దాన్ని విలాస వస్తువు కింద లెక్కేసి సుంకం వేసేది. మధ్యతరగతి ఇంట్లో లిప్‌స్టిక్ ఒక్కటే ఉండేది. అదీ పెళ్ళిళ్ళకే.

ఇదే కాలంలో అమెరికా సూట్‌కేసు వచ్చింది. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లూ ఇంజినీర్లూ వెళ్ళారు. 1977 నాటికి అక్కడ తానా ఏర్పడేంత మంది అయ్యారు. సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసు తెరిస్తే సెంటు సీసాలు, లిప్‌స్టిక్‌లు, నెయిల్ పాలిష్‌లు. పిన్నికి ఒకటి, వదినకు ఒకటి, పక్కింటావిడకు ఒకటి. అవి తెరవడానికి కూడా మనసొప్పేది కాదు. బీరువాలో చీరల మధ్య పెట్టేవారు. ఏదైనా మంచి ఫంక్షన్‌కి వాడదాం అనే మాట ఆ బీరువాల్లో పుట్టింది. ఆ ఫంక్షన్ చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ రాలేదు. అక్కడ దాచింది రంగును కాదు, గుర్తుపెట్టుకుని తెచ్చినవాళ్ళ ప్రేమను.

'అయిపోయింది' అనని భాష

దీనికి తోడు మన భాష ఒకటి. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం. మంగళసూత్రం తెగింది అనరు, పెరిగింది అంటారు. గుమ్మం దగ్గర వెళ్తాను అనం, వెళ్ళొస్తాను అంటాం. ఇలాంటి భాషలో పెరిగినవాళ్ళకు కుంకుమ సీసా చెత్తబుట్టలో వేయడం ఎలా సాధ్యం?

ఈ జంకు వెనుక నొప్పి కూడా ఉంది. అలంకారం తీసేయడం మన సమాజంలో శిక్షగా ఉండేది. భర్త పోతే బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, కొన్ని కులాల్లో తల గొరిగించి కూర్చోబెట్టేవారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ కాలంలోనే. ఆ ఆచారాలు పూర్తిగా పోయాయా? మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ ఇలాంటి వితంతు ఆచారాలను మానేయాలని తీర్మానం చేసింది 2022లో. నిన్నగాక మొన్న.

అందుకే జోకులేసే అన్నయ్యలకు, తమ్ముళ్ళకు ఒక మాట. ఆడవాళ్ళ బొట్టుపెట్టె మీద నిర్ణయం తరతరాలు ఇంకొకరి చేతిలో ఉంది. ఏది ఉంచాలో ఏది తీయాలో ఆమే తేల్చుకోవడం కొత్తగా వచ్చిన స్వేచ్ఛ. దానికి కొంచెం సమయం పడితే పట్టనివ్వండి. నాన్నగారు పోయిన ఇంట్లో సర్దుడు పేరుతో అమ్మ డ్రెస్సింగ్ టేబుల్ మీద ముందు మనం చెయ్యి వేయకూడదు. అమ్మను అడగాలి. ఆమె ఉంచమంటే ఉంచాలి.

వరద వచ్చింది, దారి పడలేదు

1991 తర్వాత మార్కెట్ తెరుచుకుంది. 1996 నవంబర్ 23న మన బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలోనే మిస్ వరల్డ్ పోటీ జరిగింది, బయట నిరసనల మధ్య. 2001 ఏప్రిల్‌కి దిగుమతుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలూ తీసేశారు. 2007లో ఈ ఊళ్ళోనే మింత్రా, 2012లో ముంబైలో నైకా మొదలయ్యాయి. ఇక ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మనం కదలకపోయినా డెలివరీ బండి మాత్రం మన గేటు దాకా వస్తుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం, శాంపిల్ పొట్లాలు, బర్త్‌డే గిఫ్ట్ కిట్లు. ఒక్క లిప్‌స్టిక్ కాలంలో నేర్చుకున్న దాచే అలవాటుకు ఇరవై లిప్‌స్టిక్‌లు వచ్చి పడ్డాయి. అలవాటు మారడానికి ఒక తరం కూడా పట్టలేదు మరి, దానికి టైమ్ ఎక్కడిది?

కానీ సరుకు మనకోసం ఆగదు. పాత చాదు ఎండి ఉండేది కాబట్టి నిలిచేది. మస్కారా, లిక్విడ్ ఫౌండేషన్ తడిగా ఉంటాయి. బ్రష్ కంటికి తగిలి మళ్ళీ లోపలికి వెళ్తుంది, దానితో క్రిములూ వెళ్తాయి. మస్కారాను తెరిచిన మూడు నెలలకు మార్చమని అంటారు అందుకే. డబ్బా వెనుక మూత తెరిచిన సీసా బొమ్మ, పక్కన 6 అనో 12 అనో అంకె చూశారా? తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే గుర్తు అది. 2005 నుంచి యూరప్‌లో తప్పనిసరి చేస్తే మన దాకా వచ్చింది.

ఇప్పుడు దారి మనమే వేయాలి

పాతవి వదలడానికి మనకో పండుగే ఉంది, భోగి. కానీ పాత చెక్కకు పనికొచ్చే మంట ప్లాస్టిక్‌కు పనికిరాదు. సెంటు, నెయిల్ పాలిష్ అయితే భగ్గుమంటాయి కూడా. సింకులో పోద్దామా? మన బెళ్ళందూరు చెరువు నురగ రోడ్డెక్కడం, 2015లో, 2017లో, 2018లో మంటలు లేవడం చూసినవాళ్ళం. శుద్ధి చేయని మురుగు, అందులోని డిటర్జెంట్ల వల్ల వచ్చిన నురగ అది. ఇంకో సీసా మనం కలపక్కర్లేదు.

పోనీ పనమ్మాయికి ఇచ్చేద్దామా? చాలామందికి తట్టే దారి ఇదే. దయచేసి వద్దు. మన కంటికి పనికిరానిది ఆమె కంటికీ పనికిరాదు. వాయనంలో పెట్టేది మంచి పండే కానీ మచ్చపడిన పండు కాదు కదా.

నాకు తోచిన దారి ఇదీ. తెరవనిది, తేదీ ఉన్నది ఇప్పుడే తాంబూలంతో ఇచ్చేయండి. తీసుకునేవాళ్ళకు తేదీ చూపించి మరీ ఇవ్వండి. తెరిచినది, బాగున్నది ఈ పండుగ మూడు రోజులూ వాడేయండి. మీరు ఎదురుచూసిన ఫంక్షన్ ఇదే అనుకోండి. పాడైనదాన్ని పాత పేపర్‌తో తుడిచి ఆ పేపర్ ఎర్ర బుట్టలో, ఖాళీ డబ్బా పొడిచెత్త సంచిలో వేయండి. 2015 డిసెంబర్ హైకోర్టు ఆదేశం తర్వాత మనం పాటిస్తున్న రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతే ఇది. సెంటు, నెయిల్ పాలిష్ విడిగా కట్టి, చెత్త తీసుకునేవాళ్ళకు ఏమిటో చెప్పి ఇవ్వండి. పాత కుంకుమ చెట్టు మొదట్లో కలపాలనిపిస్తే, అది అచ్చమైన పసుపు కుంకుమ అయితేనే కలపండి. రసాయన రంగైతే వద్దు.

జ్ఞాపకం కోసమైతే ఒక్కటి ఉంచుకోండి, నాలుగు కాదు. అమ్మ వాడిన పౌడరు డబ్బా కడిగి పిన్నీసులు వేసుకోండి. బరిణె నిలవాలి, లోపలిది వెళ్ళాలి. మన పాత లెక్క అదే.

ఇక మీ వంతు. మీ ఇంట్లో బొట్టుపెట్టె ఉండేదా? కాటుక ఎలా పట్టేవారు? చాదును మీ వైపు ఏమనేవారు? రాయలసీమ, కోస్తా, తెలంగాణ వాళ్ళు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు అందరూ కింద రాయండి. పెద్దవాళ్ళను అడిగి మరీ రాయండి. ముందస్తుగా అందరికీ భోగి, సంక్రాంతి శుభాకాంక్షలు.